తొమ్మిదో రోజు మరక

నేను చదువు నేర్చుకున్నది ఒక కాగితం కోసం. అరఠావు గులాబిరంగు కాగితం. దాని మీద పదకొండు వాక్యాలు అచ్చువేసి ఉన్నాయి. యాభై రెండో ఏట అ, ఆలతో మొదలుపెట్టి, వాటిని ఎవరి సాయమూ లేకుండా చదవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అందులో ఫలానా మాట ఉందని నా కోడలు చెప్పింది. లేదని నేను అన్నాను. లేదని నా కళ్ళతో నేనే తేల్చుకుందామని చదువుకు కూర్చున్నాను. మంచి బుద్ధితో మొదలుపెట్టానని రాసుకుంటే బాగుంటుంది కానీ అది నిజం కాదు.

కోడలంటే పరాయి పిల్ల కాదు. బనగానపల్లెలో ఉన్న మా అన్న కూతురు. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన పిల్లనే నా ఒక్క కొడుక్కు చేసుకున్నాను. మాది ఆళ్లగడ్డ. ఊరి బయట కొంచెం నల్లరేగడి పొలం ఉంది. నా భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు నంద్యాలలో బియ్యం మిల్లులో పని చేస్తాడు, పొద్దున బస్సుకు పోయి చీకటి పడ్డాక వస్తాడు. ఇంట్లో పగలంతా మేమిద్దరమే, అత్త, కోడలు.

పెళ్ళయి ఏడేళ్ళయినా కడుపు పండలేదు. నంద్యాలలో అందుకోసమే ఉన్న ఆసుపత్రికి తిరగడం మొదలుపెట్టాం. డాక్టరమ్మ మొదటి రోజే మేనరికమా అని అడిగి, ఔనంటే ఏదో రాసుకుంది. ఆ రాత నా మీదే రాసినట్టు అనిపించి ఆ పూటంతా ఆమెతో మాట్లాడలేదు. పిల్లకు గుడ్లు తక్కువగా ఉన్నాయని, ఉన్నవాటిని బయటికి తీసి, గాజు పాత్రలో మొగుని బీజంతో కలిపి, పిండం చేసి లోపల పెట్టాలని చెప్పింది. అట్లా మూడు పిండాలు తయారయ్యాయి. వాటిని గడ్డకట్టించి దాచారు. మొదటిది పెడితే నిలవలేదు. రెండోది మంచులోంచి తీసేటప్పుడే పోయింది. మిగిలింది ఒక్కటి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడితే గుడ్లు దొరుకుతాయని మాత్రం మాట ఇవ్వలేనని డాక్టరమ్మ ముందే చెప్పేసింది.

ఆ ఒక్కదాన్నీ ఎండాకాలంలో పెట్టారు. కొడుక్కు సెలవు దొరకలేదు, నేనే వెంట ఉన్నాను. స్కానింగు తెర మీద బూడిదరంగు మసకలో తెల్లటి చుక్క ఒకటి మెరిసింది. నువ్వుగింజలో సగం కూడా లేదు. అదేనా అని అడిగాను. అది కాదట. దాని పక్కన ఉన్న గాలిబుడగట. పిండం కంటికి ఆనదట. నేను గాలిబుడగకే చేతులెత్తి మొక్కాను.

నేను ఆటో మాట్లాడడానికి బయటికి వెళ్ళినప్పుడు నర్సు మా పిల్లకు ఆ గులాబి కాగితం ఇచ్చి, ఎట్లా ఉండాలో చెప్పింది. నేను వచ్చేసరికి చెప్పడం అయిపోయింది.

ఇంటికొచ్చాక నాకు తెలిసిన కట్టుబాట్లన్నీ పెట్టాను. బొప్పాయి లేదు, నువ్వులు లేవు, బిందె ఎత్తడం లేదు, ఎండలోకి పోవడం లేదు. నోట్లో వేసుకునేవి కాదు, పూటకొకటి ఒంటి కింద లోపలికి పెట్టుకునే మాత్రలు ఇచ్చారు. మెత్తగా మైనంలా ఉంటాయి. మా ఊరి ఎండకు కరిగిపోతాయి కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ వంటింట్లో, దేవుని పటాల గూడు కింద. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. డబ్బా నేనే తీసి చేతికిచ్చేదాన్ని. అట్లా ఎనిమిది రోజులు గడిచాయి.

తొమ్మిదో రోజు ఆదివారం. మధ్యాహ్నం బాత్రూంలోంచి పిల్ల నన్ను పిలిచింది. లోపావడా మీద చిన్న మరక. రూపాయి బిళ్ళంత. ఎర్రగా కూడా లేదు, కాఫీపొడి రంగు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, ఎదురుగా ఉన్నది ఆ పిల్ల కాబట్టి ఆమె మీదే. బయట చేరినావు, పోయి పంచలో కూర్చో అన్నాను.

మా ఇంట్లో ముట్టయిన ఆడమనిషి మూడు రోజులు వంటింటి బయటి పంచలోనే ఉంటుంది. చాప వేరు, తినే తట్ట వేరు, గ్లాసు వేరు. గడప దాటదు. వంటిల్లు, దేవుని గూడు ఉన్న వైపు చేయి చాపదు. ఏం కావాలన్నా లోపల ఉన్నవాళ్ళే తెచ్చి అందించాలి. మా అత్త కాలంలో నేను ఉన్నాను, నా కాలంలో ఆ పిల్ల ఉంది. అందులో కష్టం ఉందని కూడా నాకు తోచలేదు.

పొద్దు వాలే వేళకు పంచలోంచి పిలిచింది.

"అత్తా, ఫ్రిజ్‌లో డబ్బా ఇయ్యి. సాయంత్రం మాత్ర పెట్టుకోవల్ల."

"ముట్టయినాక ఇంగేం మాత్రమ్మా. అయిపాయ."

"ఇది ముట్టు కాదేమో అత్తా. మరక కనపడినా మందు ఆపగూడదంట. ఈ కాగితంలో ఉండాది, సదువుతా ఇను." గడప అవతల నిలబడి, కాగితం వెలుతురుకు పట్టుకుని చదివింది. "మధ్యలో రక్తపు మరకలు కనిపించినా, డాక్టరు చెప్పనిదే మందులు ఆపరాదు."

"కాగితానికేం తెల్సు? నలభై ఏండ్లు ముట్టు చూసినదాన్ని నేను. పోయి పండుకో."

నేను నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో చెప్పాలి. నా పెళ్ళయిన కొత్తలో మా అత్తగారింటికి మా అన్న ఉత్తరం రాయించి పంపాడు, అమ్మకు బాగలేదు, చెల్లెల్ని పంపండి అని. పొలంలో కలుపుతీత సమయం. అత్తగారింట్లో ఆ ఉత్తరం చదివినవాడు, అందరూ బాగున్నారని రాశారు అని నాకు చదివి వినిపించాడు. నేను తలకాయ ఊపి కొడవలి తీసుకుని పొలానికి పోయాను. అమ్మ పోయిన తర్వాత గానీ అసలు సంగతి తెలియలేదు. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు తమకు కావలసిందే చదివి వినిపిస్తారని ఆనాడు మనసులో పడింది. ఈ పిల్ల కూడా ఆశ చంపుకోలేక లేని మాట కల్పించి చదువుతోందని అనుకున్నాను.

ఆసుపత్రికి ఫోను చేసింది. ఆదివారం, మోగి మోగి ఆగిపోయింది. మొగునికి చేసింది. ఆ వారం మిల్లులో పని ఎక్కువై అతను అక్కడే ఉన్నాడు. అమ్మకు తెల్సు, అమ్మ చెప్పినట్ల చెయ్యి అన్నాడట. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఎవరికీ ఫోను చెయ్యలేదు, నన్నూ అడగలేదు. నేను వంటింట్లో ఉన్నంతసేపూ గడపకు అటువైపు కూర్చుని ఫ్రిజ్ వైపు చూస్తూ ఉంది. గడప నుంచి ఫ్రిజ్‌కు నాలుగు అడుగులు. మరుసటి రోజు పొద్దున కూడా అట్లాగే చూసింది. సాయంత్రానికి చూడడం మానేసి గోడ వైపు తిరిగి పడుకుంది.

పదకొండో రోజు నిజంగానే ఎక్కువగా అయింది. చూసినావా అన్నాను. ఆ మాట అన్నానని రాయడానికి ఇప్పుడు చేయి ఆడడం లేదు. కానీ అన్నాను.

పద్నాలుగో రోజు రక్తపరీక్ష చేయించుకోవాలని మొదటే చెప్పారు. ఇంక దేనికి అంటే పిల్ల వినలేదు. తలస్నానం చేసి, చీర కట్టుకుని, నేను నంద్యాలకు పోతాండా అని చెప్పి బయల్దేరింది. ఒంటరిగా పంపలేక నేనూ బస్సెక్కాను. ఫలితం మధ్యాహ్నానికి వచ్చింది. డాక్టరమ్మ కాగితం చూసి, మళ్ళీ చూసి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. నాకు ఆ మాటలు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి.

"ఏమీ లేకపోతే ఇక్కడ అంకె రాదమ్మా. పట్టింది. పట్టి వదిలేస్తోంది. మందులు ఎప్పుడు ఆపారు?"

"తొమ్మిదో రోజు, మేడం."

"ఎందుకు?"

పిల్ల నా వైపు చూడలేదు. "ముట్టనుకున్యాం" అంది.

అనుకున్యాం అంది. అత్త అనింది అని చెప్పి ఉంటే నేను అక్కడే ఎదురు తిరిగి ఉండేదాన్ని. ఆమె నన్ను కూడా తనతో కలుపుకుని చెప్పింది. డాక్టరమ్మ, మందు వాడినా నిలిచేదని ఖాయంగా చెప్పలేనని, కొన్ని వాటంతట అవే పోతాయని, కానీ ఆపకుండా ఉండవలసిందని అంది. ఆ మూడు మాటల్లో మొదటి రెండూ నేను కొంగున ముడేసుకుని తెచ్చుకున్నాను. మూడోది అక్కడే వదిలేశాను.

తిరుగు బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. ఆళ్లగడ్డలో దిగేసరికి రోడ్డు పక్క రాళ్ళు చెక్కేవాళ్ళ ఉలి చప్పుడు, తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములోంచి నా కంటే పది అడుగులు ముందు నడిచి ఇంటికి వచ్చి, ఫ్రిజ్‌లో మిగిలిన డబ్బా తీసి పెరట్లో పారేసింది. మాత్రలు ఎండకు కరిగి మట్టిలోకి ఇంకిపోయాయి.

ఆ సాయంత్రం మా అన్న ఫోను చేశాడు. ఏమైందని అడిగాడు. మందు ఆపగూడదని కాగితంలో ఉండిందంట గదా అన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు, నా కొడుకే చెప్పి ఉంటాడు. నాకు భయం వేసింది. కాగితంలో అట్లాంటిదేమీ లేదని, పిల్ల బాధలో కల్పించుకుని చెప్తోందని అన్నాను. మా అన్నకూ చదువు రాదు. తోడబుట్టినదాని మాట నమ్మాడు. పిల్ల అప్పుడు నాలుగు అడుగుల దూరంలో కూర్చుని వంకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. కత్తిపీట చప్పుడు కూడా ఆగలేదు.

మరుసటి రోజు ఆ గులాబి కాగితం మా ఇంటి రేకుడబ్బాలో కనిపించింది. రేషన్ కార్డు, పట్టా కాగితాలు నేను దాచుకునే డబ్బా అది. ఎప్పుడు మూత తీసినా దాని అంచు కనిపించేది. కొడుకును ఒకసారి చదవమన్నాను. వదిలేయ్‌మా అని బయటికి వెళ్ళిపోయాడు. అతను చదివినా నేను నమ్మేదాన్ని కాదేమో. భార్య వైపు చదివాడనుకునేదాన్ని. ఊళ్ళో ఇంకెవరికైనా చూపించాలంటే, నిజంగా ఆ మాట ఉంటే ఎట్లా అని గుబులు. డబ్బాలోంచి ఆ అంచు ఆరు నెలలు నన్ను చూసింది.

ఒకరోజు పిల్లను అడిగాను, నాకు అక్షరాలు నేర్పమ్మా అని. నంద్యాలలో బస్సు బోర్డులు చదవలేక అందరినీ అడగాల్సి వస్తోందని, రేషన్ అంగట్లో వేలిముద్ర వెయ్యడం సిగ్గుగా ఉందని చెప్పాను. ఆమె కాసేపు నా ముఖం చూసింది. లోపలికి పోయి పాత విత్తనాల కంపెనీ క్యాలెండరు తెచ్చి, నెలల కాగితాలు చింపి, వెనకవైపు ఒక్కో దాని మీద ఒక్కో అక్షరం పెద్దగా రాసింది.

రోజూ మధ్యాహ్నం కూర్చునేవాళ్ళం. నా వేళ్ళు పెన్సిలుకు ఒంగేవి కాదు. గుణింతాలు నాలుగు నెలలు తిన్నాయి. వత్తులు వచ్చేసరికి నేను తడబడి వాటిని వదిలేసి చదివేదాన్ని. "సంగటి ముద్ద మింగినట్ల వత్తులన్నీ మింగుతాండావు అత్తా, నమిలి సదువు" అనేది. ఆ మాటకు ఇద్దరం నవ్వాం. ఆ ఎండాకాలం తర్వాత మా ఇంట్లో నవ్వు వినడం అదే మొదటిసారి. నవ్వి, ఆమె వెంటనే ముఖం తిప్పుకుంది.

కొంచెం కూడబలుక్కోవడం వచ్చాక పిల్లల వాచకం తెస్తుందనుకున్నాను. తన ఇంటర్ జంతుశాస్త్రం పుస్తకం తెచ్చింది. తెలుగులో చదువుకుంది ఆమె. పాఠం కూడా తనే తెరిచింది. మనిషి పుట్టుక గురించిన పాఠం. అట్లా నేను అమ్మ, ఆవు తర్వాత నేరుగా పిండం, గర్భాశయం, అండాశయం అనే మాటలు చదివాను. పలకడానికి నోరు తిరిగేది కాదు. చదివిన ప్రతి ముక్కనూ ఆమె తన మాటల్లో విడమరిచి చెప్పేది. పుస్తకంలో లేనివి కూడా చెప్పేది. ఆసుపత్రిలో అడిగి తెలుసుకుందట.

పిండం అయిదో రోజుకు ఒక బుడగలా అవుతుందట. లోపల కొన్ని కణాలు బిడ్డ కావడానికి, చుట్టూ కొన్ని కణాలు తల్లిని పట్టుకోవడానికి. కోడిపిల్ల గుడ్డు పగలగొట్టుకున్నట్టు పైపొర చించుకుని బయటికి వస్తుంది. గర్భసంచి లోపలి పొర ఎప్పుడుపడితే అప్పుడు రానివ్వదు. నెలలో కొద్ది రోజులే దానికి అదను. నాకు అది చప్పున అర్థమైంది. నల్లరేగడిలో వాన పడ్డాక పదును ఉన్న నాలుగు రోజుల్లోనే విత్తనం వెయ్యాలి, పదును తప్పితే మంచి విత్తనమైనా బూడిదే. అదే అన్నాను. ఆమె కాదంది. విత్తనం నేలతో మాట్లాడదు అత్తా, ఇది మాట్లాడతాది అంది.

మాట్లాడడమంటే నోటితో కాదు. ఒక కణం కంటికి కనపడని రసం వదులుతుంది, పక్క కణం మీద దాన్ని అందుకునే చోటు ఉంటుంది. అందుకున్నాక ఇది తన లోపల సర్దుకుని మరో రసం వదులుతుంది. నేను వచ్చాను అని పిండం చెప్తుంది. ఇక్కడ చోటుంది అని పొర చెప్తుంది. పొర మీద జిగురు పుడుతుంది. పిండం దొర్లి, తాకి, అతుక్కుని, పొరను తవ్వుకుంటూ లోపలికి దిగుతుంది. ఆ తవ్వడంలో సన్నటి రక్తపు నరాలు చిట్లి ఒక్కోసారి ఒకటి రెండు చుక్కలు బయటికి వస్తాయట. కాఫీపొడి రంగులో.

ఆ రోజు ఆమె అక్కడ ఆపింది. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

మిగతాది మరునాడు చెప్పింది. లోపలికి దిగిన పిండం తల్లి ఒంటికంతా ఒక కబురు పంపుతుంది, నేను ఉన్నాను, ముట్టు రానియ్యొద్దు అని. రక్తపరీక్షలో కనిపించే అంకె ఆ కబురుదే. మామూలుగా అయితే అండాశయం ఆ కబురు విని పొరను కాపాడే రసం ఊరిస్తూనే ఉంటుంది. దాచిన పిండాన్ని పెట్టినప్పుడు, ఆమెకు చేసిన పద్ధతిలో, అండాశయానికి ఆ నెల పని ఉండదట. ఆ పని చేసేది ఫ్రిజ్‌లోని మాత్ర. పిండం కబురు పంపుతూనే ఉంటుంది, అందుకుని పని చెయ్యాల్సిన మాత్ర లేదు. పొర ఎవరూ రాలేదనుకుని పక్క ఎత్తేస్తుంది. పక్కతో పాటు పడుకున్నదీ పోతుంది.

ఇదంతా ఆమె గొంతు పెంచకుండా, పొరుగింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాతి వాక్యం చదువు అత్తా అంది.

అప్పటికి నాకు లోపల తెలిసిపోయింది. అయినా కాగితం ఇంకా మిగిలి ఉంది. పుస్తకంలో ఉంటే ఉండనీ, కాగితంలో లేకపోతే నాకు చెప్పినవాళ్ళు లేరు కదా అని పట్టుకుని వేలాడాను. ఒకరోజు ఆమె బయట చేరి పంచలో ఉంది. నేను రేకుడబ్బా దించి, వంటింట్లో నేల మీద కూర్చుని కాగితం తెరిచాను. వేలు పెట్టి చదివాను. బరువులు ఎత్తరాదు. దూర ప్రయాణాలు చేయరాదు. మందులు చల్లని చోట ఉంచాలి. ఆరు వాక్యాలు అయ్యాయి. ఏడోది:

మధ్యలో రక్తపు మరకలు కనిపించినా, డాక్టరు చెప్పనిదే మందులు ఆపరాదు.

ఆమె ఆనాడు చదివినదానికి ఒక్క అక్షరం తేడా లేదు. కల్పించలేదు, కలపలేదు. నేను దాన్ని మూడుసార్లు చదివాను. తప్పు చదివానేమోనని వత్తులు నమిలి నమిలి చదివాను. ఎనిమిదో వాక్యం నుంచి కాగితం మసకబారింది.

లేచి గడప దగ్గరికి పోయాను. ఇటువైపు నిలబడి ఆమెకు వినపడేట్టు ఏడో వాక్యం పైకి చదివాను. ఆమె చాప మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆగింది.

"వచ్చిందా" అంది.

"అన్యాయం చేస్తినమ్మా నీకు."

"నువ్వు సదువు ఎందుకు అడిగినావో నాకు మొదటి రోజే తెల్సు అత్తా. బస్సు బోర్డులకు కాదు."

"తెలిసీ ఎట్ల నేర్పిస్తివి?"

"నేను సదివితే నమ్మలా. నాయనకు చూపిస్తే ఎవరితోనో సదివించుకుని వచ్చి నిన్ను నాలుగు తిట్టి పోతాడు. అంతే గదా. ఆ మాట నీ నోట్లోంచి రావల్లనుకున్యా. దానికోసమే కూర్చోనుండా ఇన్నాళ్ళు." దువ్వెనకు అంటిన వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంది. "ఫ్రిజ్ దాకా ఆ నాలుగడుగులు నేనూ ఎయ్యలా అత్తా. అది ఏ కాగితంలోనూ లేదు."

అప్పుడే మా అన్నకు ఫోను చేశాను, ఆమె వింటుండగానే. కాగితంలో ఆ మాట ఉందని, పిల్ల నిజమే చెప్పిందని, అబద్ధం చెప్పింది నేనని అన్నాను. అవతల నుంచి ఊపిరి వినపడింది. అంతే, పెట్టేశాడు. ఇప్పటిదాకా మళ్ళీ చెయ్యలేదు. మామిడికాయల కాలం వస్తే మా ఇంటికి బుట్ట వచ్చేది, ఈసారి రాలేదు.

ఫోను పెట్టి, లోపలికి రామ్మా, ఈ ఇంట్లో ఇంగ బయట కూర్చునే పని లేదు అన్నాను. రాలేదు. ఇప్పుడు దేనికత్తా అంది.

ఇప్పటికీ రావడం లేదు. నెలనెలా మూడు రోజులు తనంతట తనే చాప, తట్ట, గ్లాసు తీసుకుని పంచలోకి పోతుంది. నేను పిలుస్తాను, ఆమె కదలదు. డాక్టరమ్మ మళ్ళీ ప్రయత్నించి చూద్దామా అని ఒకసారి కబురు పంపితే వద్దని చెప్పించింది. నా కొడుకు ఆ సంగతి ఎత్తడు.

ఆ మూడు రోజులు మధ్యాహ్నం నేను జంతుశాస్త్రం పుస్తకం తీసుకుని గడపకు ఇటువైపు కూర్చుంటాను. అటువైపు ఆమె. నేను చదువుతాను, తప్పు పోతే ఆమె దిద్దుతుంది. ఇప్పుడు వత్తులు మింగడం లేదు. పిండం పొరను తాకడం, అతుక్కోవడం దాకా చదువుతాను. పేజీ తిప్పితే బిడ్డ నెలనెలా ఎట్లా పెరుగుతుందో బొమ్మలున్నాయి. అక్కడికి వచ్చేసరికి ఆమె చేయి గడప మీదుగా చాచి పుస్తకం మూసేస్తుంది. మళ్ళీ మొదటి నుంచి చదువు అత్తా అంటుంది.